తొడ మీది తోలు

“నా కాలు ఇంకా నా ఒంటికే ఉన్నది. నువ్వు అప్పుడే దాన్ని ఆఫీసుల పొంటి తిప్పుతున్నవు.”

మొగిలి ఆ మాట గట్టిగా అనలేదు. మంచం మీద గోడకు ఆనుకుని, ముందర పెట్టిన పళ్లెం వైపు చూస్తూ అన్నాడు. గట్టిగా అంటేనే బాగుండునని సారక్కకు అనిపించింది. మొగుడు అరిచిన రోజుల్లో ఆమె ఎన్నడూ భయపడలేదు. ఇట్లా మెల్లగా మాట్లాడితేనే ఆమెకు భయం.

కిషన్ గడప దగ్గరే ఆగిపోయాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా ఎర్రదుమ్ము ఉంది.

“నీకెవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్తే ఏంది. పోయినవా, లేదా?”

“పోయిన.”

“ఏమడిగినవ్?”

కిషన్ తల్లి వైపు చూశాడు. సారక్క చేతిలో పప్పు గంటె అట్లాగే ఉండిపోయింది.

“కాలు తీసేస్తె అన్‌ఫిట్ చేస్తరా అని అడిగిన.”

“అన్‌ఫిట్ చేస్తె నౌకరి కొడుక్కిస్తరా అని గూడ అడిగినవ్ గదా. గది చెప్తలేవేంది?”

కిషన్ తల దించుకున్నాడు. కుర్చీలో కూర్చున్న రఘుపతి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. అతను మొగిలికి తమ్ముడు, మొగిలి పనిచేసే బొగ్గుబాయిలోనే పంపు ఆపరేటరు. ఈ కబురు ఎవరు మోసుకొచ్చారో సారక్కకు అర్థమైంది.

బాయి పని చేసే మనిషికి పని చెయ్యలేని రోగమొచ్చి, కంపెనీ డాక్టర్లు అన్‌ఫిట్ అని తేలిస్తే, ఇంకా సర్వీసు మిగిలి ఉంటే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. కాలనీలో సగం ఇళ్లు అట్లా నిలబడినవే. అది ఎవరూ సిగ్గుపడే విషయం కాదు. ఒక ఇంట్లో తండ్రి అన్‌ఫిట్ అయితే పక్కింటివాళ్లు వచ్చి, పాపమనీ అంటారు, అదృష్టమనీ అంటారు, రెండూ ఒకే విడతలో అనేసి చాయ్ తాగి పోతారు.

కానీ మొగిలి కాలు మీద క్యాన్సరని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పింది నిన్ననే. కిషన్ ఆఫీసుకు పోయింది ఈ రోజు పొద్దున.

“పరీక్షకు ముక్క కోయించినప్పుడే నేను చెప్పిన వదినె,” అన్నాడు రఘుపతి, మాట మళ్లించడానికి. “కత్తి తగిలినంకనే అది రేగింది. అంతకుముందు ఎన్ని రోజులున్నది, ఊకె పుండు లెక్కనే ఉండె గదా.”

ఊకె పుండు. రెండేళ్లుగా రోజూ పొద్దున ఉప్పునీళ్లతో కడిగి, మందు రాసి, గుడ్డ కట్టిన చేతులు ఆమెవి. అంచులు గోబీపువ్వులా పైకి లేస్తూ రావడం, వాసన మారడం, అన్నీ ఆమెకు తెలుసు.

అది పాత మచ్చ మీద లేచిన పుండు. కిషన్ చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు, కాలనీ లైన్లో వాళ్లు వంటబొగ్గుకు పొగ పోవడానికి రాజేసిన బొగ్గుకుప్ప మీద పైన బూడిద కట్టి చల్లారినట్టు కనిపిస్తే, షిఫ్టు దిగి వస్తున్న మొగిలి దాని మీద కాలు వేశాడు. కాలు మోకాలి దాకా లోపలికి దిగింది. అప్పట్లో తోలు వేయించుకొమ్మన్న డాక్టరు మాట వినకుండా కమాన్‌పూర్‌లో అత్తగారింటికి పోయి పసర్లతో మాన్పించుకున్నాడు. మానింది. ఉల్లిపొరలాంటి పలచని తోలు, లాగిపట్టినట్టు మెరుస్తూ, ముప్పై ఏండ్లు అట్లాగే ఉంది.

ముక్క కోసిన రోజు కూడా సారక్క పక్కనే నిలబడింది. డాక్టరమ్మ మొద్దుబారే సూది ఇచ్చి, చింతగింజంత ముక్క తీసింది. మధ్యలోంచి కాదు, అంచు దగ్గర, కొంచెం మంచి తోలు కూడా కలిసేటట్టు. “మధ్యలో అంతా చచ్చిపోయిన కండ అమ్మా. రోగం నడిచేది అంచులోనే, అక్కడైతేనే తెలుస్తుంది,” అన్నది. తర్వాత కుట్టు వేయబోయింది. ఆ మచ్చతోలు దారాన్ని పట్టలేదు. ముడి బిగించిన చోటల్లా తోలు చీలిపోయింది. చివరికి కుట్టు వదిలేసి, గుడ్డ పెట్టి, రక్తం ఆగేదాకా వేళ్లతో అదిమి పట్టుకుంది.

“బాపు,” అన్నాడు కిషన్. “నేను నౌకరి కోసం అంటలేను. మేడం ఏమన్నది? కాలు తీస్తేనే నయం, తోలు పెట్టుడు నమ్మకం లేదు అనలేదా? నువ్వు గూడ విన్నవ్.”

“విన్న. తోలు పెట్టొచ్చు అని గూడ అన్నది.”

“నువ్వు అడిగితే అన్నది.”

“అన్నదా, లేదా?”

కిషన్ అవునన్నట్టు తల ఊపాడు.

“తోలే పెట్టమను,” అన్నాడు మొగిలి. “నా కాలు పోదు. బాయి మీద సర్ఫేస్ల ఏదన్న కుర్చీ పని ఇయ్యరా నాకు? ఉన్న సర్వీసు నేనే నిండిస్త. రిటైరయ్యే రోజు నా కాళ్ల మీద నడుచుకుంట ఇంటికొస్త.”

“మామా, కొంచెం తినుండ్రి,” అన్నది దీప లోపలి తలుపు దగ్గర నుంచి. కోడలు వచ్చిందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

మొగిలి పళ్లెం పక్కకు జరిపాడు.

*

పంపు దగ్గర పుండుగుడ్డలు ఉతుకుతుంటే దీప వచ్చి బకెట్ పట్టుకుంది.

“నేను పిండుత అత్తమ్మా.”

“వద్దు బిడ్డా. నీకు వాసన పడదు.”

దీప అయినా కూర్చుంది. జ్యోతినగర్ వైపు కరెంటు ప్లాంటు పొగగొట్టాల మీద ఆకాశం తెల్లగా ఉంది.

“ఆయన అడిగింది తప్పా అత్తమ్మా?”

సారక్క గుడ్డను రాయి మీద రుద్దుతూనే ఉంది.

“కాలు తీసుడు ఆయన చెప్పిన మాట కాదు. డాక్టరమ్మ చెప్పింది. తీసినంక ఏమైతది, మామకు ఏమొస్తది, ఇంటికి ఏమొస్తది అని ఎవరో ఒకరు అడగాలె గదా. కాంట్రాక్టు ఈ యేడుతోని అయిపోతది. టిప్పర్లు వేరే రాష్ట్రం పోతయంట. మేం ఏం చెయ్యాలె?”

“ఒక్కరోజన్న ఆగాల్సుండె గదా.”

“ఒక్కరోజా?” దీప చేతిలో గుడ్డ నీళ్లలో జారిపోయింది. “పెండ్లయిన కాణ్ణుంచి ఆగుడే అత్తమ్మా. ఐటీఐ చదివిండు, అప్రెంటిస్ చేసిండు, నోటిఫికేషన్ వస్తదన్నరు, రాలే. నేనేమన్న అంటున్ననా?”

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే సారక్కకు సులువయ్యేది. దగ్గరికి తీసుకుని రెండు మాటలు చెప్పి ఉండేది.

“మామ బతకాలనే ఆయన అంటున్నడు,” అన్నది దీప. “నాకు తెలుసు. రోజూ ఆయనే ఎత్తుకపోయి స్నానం చేయించలేదా? ఎన్నడన్న మొఖం తిప్పుకున్నడా?”

“లేదు.”

“మరి?”

మరి ఏమిటో సారక్కకు కూడా తెలియదు. బతకాలన్నదీ నిజమే, నౌకరి రావాలన్నదీ నిజమే. ఒకే మనిషి లోపల రెండూ ఉంటే ఒకటి అబద్ధం కావాలని ఎందుకు అనుకుంటారో ఆమెకు అర్థం కాలేదు. ఆ ముక్క మొగుడికి చెప్పే మాటలు మాత్రం ఆమె దగ్గర లేవు.

*

కరీంనగర్ దవాఖానలో డాక్టర్ చంద్రమతి గదిలో మొగిలి, సారక్క, కిషన్ ముగ్గురూ కూర్చున్నారు. డాక్టరమ్మది రాజమండ్రి వైపు. నలభై దాటిన మనిషి, మాట మెత్తగా ఉంటుంది, కానీ చెప్పాల్సింది దాచదు.

“మొగిలి గారూ, మళ్లీ ఒకసారి చెబుతాను. ఈ పుండుని చుట్టూ రెండు వేళ్ల వెడల్పు మంచి చర్మంతో సహా తీసెయ్యాలి. కింద కూడా లోతుగా తియ్యాలి. అంత పెద్ద గాయాన్ని అంచులు దగ్గరికి లాగి కుట్లు వెయ్యడం కుదరదు, అక్కడ లాగడానికి చర్మం లేదు. అందుకని మీ తొడ మీది చర్మం పలచగా పొరలా తీసి అక్కడ పరుస్తాం.”

“పరుండ్రి మేడం.”

“వినండి. ముంగాలి ఎముక మీద ఒక సన్నపొర ఉంటుంది. ఆ పొర మిగిలితేనే కొత్త చర్మం దాని మీద బతుకుతుంది. అంటే నేను ఆ పొరను వదిలెయ్యాలి. రోగం ఆ పొర దాకా వెళ్లి ఉంటే, చర్మం అతుక్కున్నా కింద రోగం మిగిలిపోతుంది. అందుకే కాలు తియ్యడం మంచిదని మొదట్నుంచీ అంటున్నాను.”

“పోయిందో పోలేదో కోస్తేగాని తెల్వదు గదా?”

“స్కానింగ్ ఫొటోల్లో అనుమానంగా ఉంది. తీసిన దాన్ని మొత్తం పరీక్షకి పంపిస్తే ఖాయంగా తెలుస్తుంది.”

“అయితె కోసి చూడుండ్రి.”

డాక్టరమ్మ అతన్ని బల్ల మీద పడుకోబెట్టి గజ్జల్లో వేళ్లతో తడిమింది. ఒకచోట ఆగింది. మళ్లీ అక్కడే తడిమింది.

“ఈ గడ్డ ఎప్పటినుంచి?”

“పుండున్నోళ్లకు బిళ్లలు కట్టవా మేడం,” అన్నాడు మొగిలి.

“చీము వల్ల కూడా కట్టొచ్చు. సూదితో కొంచెం లాగి అది కూడా పరీక్షకి పంపుతాను.” ఆమె చేతులు కడుక్కుని వచ్చి కిషన్ వైపు తిరిగింది. “మీరేమంటారు? మొన్న మీరు కాలు తీసెయ్యమనే అన్నారు కదా. నాన్నగారికి కొంచెం చెప్పండి. ఆయన ఆలోచన మారడానికి ఇంకా టైముంది.”

మొగిలి కొడుకు వైపు చూడలేదు. పంచె సవరించుకుంటూ, చెవులు మాత్రం అటే పెట్టి కూర్చున్నాడు.

కిషన్ ఈ గదిలో వారం కింద గట్టిగా వాదించిన మనిషి. తండ్రి రెండు చేతులూ పట్టుకుని, కాలు లేకున్నా నేనే నీ కాలు అనుకో బాపు అని బతిమిలాడిన మనిషి. ఇప్పుడు పెదవులు తడుపుకుని, బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూశాడు.

“బాపు ఎట్లంటే గట్ల మేడం.”

“అది కాదండీ, మీ అభిప్రాయం—”

“నాది ఏం లేదు.”

సారక్క కొడుకు మోచెయ్యి పట్టుకుంది. చెప్పు అన్నట్టు నొక్కింది. అతను మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. ఇప్పుడు కాలు తియ్యమంటే ఆ మాట నౌకరి నోటితో అన్నట్టే అవుతుంది. ఇంట్లో తండ్రి అన్న ఒక్క మాట అతని నోటికి తాళం వేసింది. ఆ తాళం తనే వేశానని తెలియకుండా, మొగిలి గెలిచినవాడిలా బల్ల దిగాడు.

“అమ్మా, మీరు?” అన్నది డాక్టరమ్మ.

సారక్కకు ఇద్దరు మగవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. ఇంతవరకూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేసరికి ఏం చెప్పాలో తోచలేదు.

“నాకేం తెలుసు మేడం,” అన్నది. ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

*

ఆపరేషన్ అయింది. మొగిలికి కాలు నొప్పి కంటే తొడ నొప్పి ఎక్కువైంది. తోలు తీసిన చోట రోడ్డు మీద ఈడ్చినట్టు మంట. “రోగం ఒకకాడ, మంట ఒకకాడ,” అని నర్సుతో నవ్వుతూ అన్నాడు. కాలు కదపొద్దన్నారు కాబట్టి కదపలేదు. కొత్త తోలు కిందికి రక్తం చేరినా, అది కొంచెం జరిగినా చచ్చిపోతుందట. మొగిలి కట్టుకు కాపలా ఉన్నట్టు పడుకున్నాడు. నిద్రలో కదులుతానేమోనని సారక్కను కాలు మీద చెయ్యి వేసి కూర్చోమన్నాడు.

కట్టు విప్పే రోజున డాక్టరమ్మ తనే వచ్చింది. పైనున్న దూది తీసి, కింది గుడ్డను నీళ్లతో తడిపి తడిపి, గోటితో లేపినట్టు మెల్లగా లేపింది. కిషన్ మంచం కాళ్ల దిక్కున నిలబడ్డాడు. సారక్క కళ్లు మూసుకుంది.

“చూడండమ్మా,” అన్నది డాక్టరమ్మ.

సారక్క చూసింది. గోబీపువ్వు లేదు. చీము లేదు. ఆ చోటంతా గులాబీరంగులో, వలలాగ చిన్న చిన్న కంతలున్న తోలు పరుచుకుని ఉంది. అంచుల్లో చిన్న పిన్నులు మెరుస్తున్నాయి. డాక్టరమ్మ వేలితో నొక్కింది. నొక్కిన చోట తెల్లబడి, వేలు తీయగానే మళ్లీ ఎర్రబడింది.

“రక్తం ఎక్కింది. పట్టింది.”

“పట్టిందా?” అన్నాడు మొగిలి.

“పట్టింది. దాదాపు మొత్తం.”

మొగిలి మోచేతుల మీద లేచి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. రెండేళ్లుగా ఆ కాలును అతను చూడటమే మానేశాడు. కట్టు కట్టేటప్పుడు గోడ వైపు తిరిగేవాడు. ఇప్పుడు వేలు చాచి, ముట్టుకోబోయి, ఆగాడు.

“ముట్టొద్దు గదా మేడం?”

“ఇప్పుడే వద్దు.”

“మంచిది.” అతను వెనక్కి ఒరిగాడు. కళ్ల పక్కల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోలేదు. “చూసినవా కిషన్?”

“చూసిన బాపు.”

ఆ గొంతులో ఏముందో సారక్క వెతికింది. సంతోషం ఉంది, అది అబద్ధం కాదు. దానితో పాటు, సంచి దించి పెట్టినప్పుడు వచ్చే చప్పుడు లాంటిదేదో ఉంది. ఆమె కొడుకు మొహం వైపు చూసేసరికి అతను కింద పడిన దూది ఏరుతున్నాడు.

మధ్యాహ్నం మొగిలి రఘుపతికి ఫోన్ చేశాడు. తోలు పట్టిందని చెప్పాడు. ఆ తర్వాత బాయిలో తనతో పనిచేసిన సదయ్యకు చేశాడు, ఇంకెవరికో చేశాడు. ప్రతి ఫోన్లోనూ అదే మాట, “నా తొడ తోలే, నా కాలుకే.” సారక్క ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

*

పరీక్ష ఫలితం వచ్చిందని డాక్టరమ్మ కబురు చేసింది సారక్కకూ కిషన్‌కూ. మొగిలిని పిలవలేదు.

గదిలోకి పోగానే ఆమె కూర్చోమంది. తను కూడా బల్ల వెనక కుర్చీలో కాకుండా, ఇవతలికి వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది. అది చూడగానే మంచి కబురు కాదని సారక్కకు తెలిసింది.

“మేం తీసిన ముక్క చుట్టూ అంచులన్నీ బాగున్నాయి. కింది అంచు బాలేదు. ఎముక పొర మీద రోగం ఉంది.”

“అంటే?” అన్నాడు కిషన్.

“నేను పొరను వదిలాను కదా, చర్మం బతకాలని. ఆ పొరలోనే ఉంది. చర్మం దాని పైన అతుక్కుంది.”

సారక్కకు అర్థమైంది. అంత అందంగా పట్టిన తోలు ఒక మూత అని, దాని కింద అది పెరుగుతూనే ఉందని.

“గజ్జల్లో గడ్డ నుంచి లాగినదాంట్లో కూడా కనబడింది,” అన్నది డాక్టరమ్మ. “కాలు మోకాలి పైకి తియ్యాలి. ఆ గడ్డలు కూడా తియ్యాలి. ఆలస్యం చెయ్యకూడదు.”

“తీస్తే నయమైతదా మేడం?”

డాక్టరమ్మ కిషన్ వైపు తిరిగింది. “మొదటే తీసుంటే మాట వేరుగా ఉండేదా అంటే, అదీ చెప్పలేను. ఇప్పుడు తీస్తే కొంతకాలం దొరుకుతుంది. ఎంతో చెప్పలేను. తియ్యకపోతే అది మళ్లీ పైకి వస్తుంది, ఈసారి రక్తనాళం తెగితే చాలా బాధ పడతారు. పుండు వాసనతో, నొప్పితో పోనివ్వకూడదని నా ఉద్దేశం.”

బయట వరండాలో కిషన్ గోడకు నెత్తి ఆనించి నిలబడ్డాడు.

“నువ్వే చెప్పాలె అవ్వా.”

“నువ్వు గూడ రా.”

“నేను చెప్తే నౌకరి కోసమే అంటడు. ముందు నువ్వు చెప్పు.”

సారక్క కొంగుతో మొహం తుడుచుకుని వార్డులోకి పోయింది.

మొగిలి కాలు మెత్త మీద పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు పలచటి గుడ్డ కప్పి పోయింది. అతను దాని అంచు ఎత్తి చూస్తున్నాడు.

“ఇగో చూడు. ఈ కంతలు పూడుతున్నయి. పొద్దటికీ ఇప్పటికీ తేడా ఉన్నది.”

సారక్క స్టూలు మీద కూర్చుంది.

“డాక్టరమ్మ ఏమన్నది?”

“తోలు మంచిగ పట్టిందన్నది.”

“అది నాకు తెలుసు గదా.”

“గని కింద మిగిలిందట.”

“ఏం మిగిలింది?”

ఆమె చెప్పింది. విన్నది విన్నట్టు చెప్పింది. ఎముక పొర, గజ్జల గడ్డ, మోకాలి పైకి. చెప్తున్నంతసేపూ అతను గుడ్డ అంచు పట్టుకునే ఉన్నాడు. చెప్పడం అయ్యాక దాన్ని మెల్లగా కాలు మీద పరిచి, ముడతలు లేకుండా సర్దాడు.

పక్క మంచం మీద ముసలాయన దగ్గి దగ్గి ఊరుకున్నాడు.

“వానికి ముందే ఎరుకా?”

“ఇద్దరం ఒక్కతాననే విన్నం.”

“ఏడున్నడు?”

“బయట.”

“రమ్మను.”

కిషన్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. మొగిలి కూర్చోమని చెయ్యి చూపాడు. సారక్క లేచి స్టూలు ఇచ్చి, మంచం అంచున కూర్చుంది. తండ్రీకొడుకులు ఇంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవడం ఆమె ఆ గొడవ తర్వాత చూడలేదు.

“ఎప్పుడు కోస్తదట?”

“నువ్వు ఒప్పుకుంటే ఎల్లుండి అన్నది.”

“ఒప్పుకుంట.”

కిషన్ తండ్రి చెయ్యి పట్టుకోబోయాడు. మొగిలి చెయ్యి ఇవ్వలేదు, వెనక్కి తీసుకోనూ లేదు.

“గని ఒక్కటి. ముందుగాల నేను బాయికి రాజీనామా రాసిస్త. రఘుపతితోని పంపుత. అది అందినంకనే కాలు ముట్టాలె.”

కిషన్ కదలలేదు.

రాజీనామా ఇచ్చినవాడు బాయి మనిషి కాడు. బాయి మనిషి కానివాణ్ణి ఎవరూ అన్‌ఫిట్ చెయ్యరు. అతని నౌకరి ఎవరికీ రాదు. ఇది ముగ్గురికీ తెలుసు, ఎవరూ విప్పి చెప్పనవసరం లేదు.

“గదేం మాటయ్యా,” అన్నది సారక్క. “ఇన్నేండ్లు చేసిన నౌకరిని—”

“నిన్ను అడుగుతలేను.” అతని కళ్లు కొడుకు మీదే ఉన్నాయి. “వాన్ని అడుగుతున్న. ఏమంటవ్ కొడుకా? సరేనా?”

సారక్కకు మొగుడి సంగతి తెలుసు. అతను రాజీనామా రాయడు. బాయిలో చేరిన రోజు నుంచి ఒక్క హాజరు మస్టరు పోకుండా కాపాడుకున్న మనిషి, ఆ నౌకరిని గాలికి వదిలేవాడు కాడు. అతనికి కావలసింది ఒక్క మాట. కిషన్ సరే బాపు అంటే చాలు. ఆ మాట విని, పిచ్చోడా అని వాడి నెత్తి మీద చెయ్యి వేసి, ఎల్లుండి దాకా ఎందుకు రేపే కోయమను అంటాడు. కాలు ఇస్తాడు, నౌకరీ ఇస్తాడు. అవి రెండూ కొడుక్కు ఇవ్వడానికే చూస్తున్నాడు, అడిగి తీసుకోకుండా ఉంటే.

అను బిడ్డా అని ఆమె కళ్లతో అన్నది. ఉత్త మాటే, అను.

కిషన్ తల్లి వైపు చూడలేదు. అతను నమ్మాడు. తండ్రి నిజంగానే రాస్తాడనుకున్నాడు. తన వయసంతా ఆ నౌకరి కోసం ఎదురుచూసిన మనిషికి, అది ఒక మాటతో పోతుందంటే, ఆ మాట ఉత్తమాట ఎట్లా అవుతుంది. నోరు తెరిచాడు.

“బాపు...”

తర్వాత మాట రాలేదు.

నర్సు సూది తెచ్చింది. మొగిలి చెయ్యి తిప్పి ఇచ్చాడు. ఆమె సూది వేసి, దూది అదిమి, ఇద్దరి మొహాలూ చూసి ఏమీ అడగకుండా పోయింది. కిషన్ ఇంకా అట్లాగే కూర్చున్నాడు. చెంపల మీదికి నీళ్లు దిగుతున్నాయి. అయినా ఆ రెండక్షరాలు అతని నోటికి రాలేదు.

సారక్క ఇక చూడలేకపోయింది. వాడి తరఫున తనే అనేద్దామనుకుంది. కానీ ఆ మాట ఆమె అంటే లెక్కలోకి రాదు.

“పో,” అన్నాడు మొగిలి చివరికి. గొంతులో కోపం లేదు. “పోయి బువ్వ తినిరా. పొద్దటి నుంచి ఏం తినలే నువ్వు.”

కిషన్ లేవలేదు.

మొగిలి మెత్త సర్దుకుని, గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు. కొత్త తోలు ఒరుసుకోకుండా కాలును మాత్రం భద్రంగా వేరే పెట్టుకున్నాడు.

“మేడంకు చెప్పిరా సారక్క,” అన్నాడు అటు తిరిగే. “నేను కోసుడు వద్దంటున్ననని చెప్పు.”